గుమ్మంలో చెప్పిన జవాబు

తీరం ఖాళీ చేసి కొండమీది కొత్త ఇళ్లకు వెళ్లడం సమ్మతమేనా అని, సమాజశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి నిన్న జాలరిపల్లెలో ఇంటింటా అడిగింది. అందరూ సమ్మతమే అన్నారు. ఒక్కరూ కాదనకపోవడం నమ్మబుద్ధి కాలేదు. రేపు ఊరి సభలో ఆ మాట చెప్పడానికి మనసొప్పక, ఆమె మొదటి ఇంటి అవ్వ దగ్గరికే తిరిగి వచ్చింది. ఆ ఊళ్లో అవ్వను లోలా అంటారు.

"లోలా, మళ్లీ వచ్చాను."

"రా తల్లీ, అన్నం తిందాం."

నిన్న ఇదే పిలుపుకు కడుపు నిండిందని చెప్పి గుమ్మంలోనే నిలబడిపోయింది. నేడు చెప్పులు విడిచింది.

"ఆకలేస్తోంది లోలా, పెట్టు."

"ఓహో! నిన్నటి దొరసాని ఇవాళ మా పిల్లైపోయిందే!"

అవ్వ శిలువ గుర్తు వేసుకొని అన్నము, ఎండుచేప వడ్డించింది.

"కొండమీదికి వెళ్తానన్నావు, నిజంగా ఇష్టమేనా?"

"గుమ్మంలో నిలబడ్డ అతిథికి కాదని ఎలా చెప్తాం? ఊళ్లో ఎవరైనా అవుననే అంటారు."

"ఇప్పుడు లోపలే ఉన్నానుగా."

"ఆ ఇళ్లు కొండకు అవతలివైపు, అక్కణ్ణుంచి మా ముసలాయన పడవ కనబడదమ్మా. అది ఒడ్డుకొచ్చేది చూడందే నాకు కునుకు పట్టదు. నేను వెళ్లను."

"సభలో ఇదే చెప్పనా?"

"నువ్వెందుకు, నేనే వచ్చి చెప్తా. నువ్వు పక్కింటికీ వెళ్లు, వాళ్లనీ తీసుకెళ్దాం."

"వాళ్లూ తినమంటారేమో లోలా!"

"అందుకేగా నీకు కొంచెమే పెట్టాను!"