చేదు తెలిసిన నాలుక

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న దావ్ గారికి, కొండ దిగి వచ్చిన పెద్దలకు, ప్రయోగశాల మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని "కానివ్వమ్మా, అన్నం చల్లారుతోంది" అని సైగ చేస్తున్న మా థుయెన్ మాస్టారికి నమస్కారం.

నన్ను ఈ కావ్ బాంగ్ మూలికల కేంద్రానికి మొదట తెచ్చింది చదువు కాదు, మా నాన్న వీపు మీది బుట్ట. సున్నపురాతి కొండల్లో తవ్విన బిన్ వోయ్ దుంపలు అమ్మడానికి ఆయన వస్తే నేనూ వెంట వచ్చేదాన్ని. నిద్రపట్టనివాళ్లకిచ్చే రోటుండిన్ అనే మందు ఆ దుంపలోదే. చూడ్డానికి ఒకేలా ఉండే తీగలు చాలా ఉన్నాయి, కొన్నింటిలో మందు పేరుకే ఉంటుంది. అందుకే మాస్టారు దుంపను పరీక్షకు పంపేముందు గోరంత ముక్క కోసి, నమిలి, చేదును బట్టి మందెంతుందో చూసి, ఉమ్మేవారు. ఒకరోజు నాకూ ఇచ్చారు. "ఇది మొన్నటిదంత చేదు లేదు" అన్నాను. ఆయన నాన్నవైపు తిరిగి, "ఏమయ్యా సిన్, ఈ నాలుకను బడికి పంపు. మిగతా పిల్ల దాని వెనకే పోతుంది" అన్నారు. (నవ్వులు) వెనక గట్టిగా నవ్వుతున్నది మా నాన్నే. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను.

చదువు ముగించి ఇక్కడే పనిలో చేరాక, ఈ మందు నొప్పికీ పనికొస్తుందేమోనని ఎలుకల్లో చూసినరోజు నేను గంతులేశాను. "ఎలుకకు తగ్గింది. ఎలుక మా ఆవిడ కాదు" అన్నారు మాస్టారు. మోకాళ్ల నొప్పులతో అమ్మగారు అడిగినా ఇవ్వలేదు. 'పనికి రావచ్చు' అన్న మాట దగ్గరే ఆగారు. అమ్మగారూ, మీ ముందే చెప్పేశాను, ఏమనుకోకండి.

పోయిన వానాకాలం మాస్టారు నాన్న తెచ్చిన బుట్టంతా రుచి చూసి, "ఇందులో మందు లేదు, తీసుకుపో" అన్నారు. నాన్న బుట్ట ఎత్తుకున్నారు. నేనొక ముక్క నమిలితే కళ్లలో నీళ్లు తిరిగాయి, అంత చేదు. మాస్టారికి మళ్లీ ఇచ్చాను. చాలాసేపు నమిలారు. "లువా, నాకు నీళ్లలా ఉందే" అన్నారు.

మర్నాడే ఇక మానేస్తానన్నారు. అప్పుడప్పుడైనా రండి అంటే, "నాలుక పోయినవాడికి అక్కడేం పని?" అన్నారు. దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. చేదేదో నేను చెప్పగలను మాస్టారూ, మీరు నేర్పారు కాబట్టి. నేను గంతులేసినప్పుడు ఎలుక మీ ఆవిడ కాదని చెప్పడానికి ఇక్కడ ఇంకెవరున్నారు?

తల అడ్డంగా ఊపకండి. ఈ ఉదయం నాన్న తెచ్చిన దుంప రుచి చూసే వచ్చాను, నోట్లో చేదు ఇంకా పోలేదు. వారానికోసారి, గురువారం రండి, మీ కుర్చీ కిటికీ దగ్గరే ఉంటుంది. ఓపికగా విన్న అందరికీ కృతజ్ఞతలు. సెలవు.