సాలమ్మ తెచ్చిన ఎగిరే ఎలుక

జనగామలో పశువుల దవాఖాన. డాక్టర్ యమున బల్ల మీద చెప్పుల డబ్బా, అందులో గుప్పెట్లో సగం కూడా నిండని షుగర్ గ్లైడర్ పిల్ల, ఎగిరే ఉడుత లాంటి విదేశీ జంతువు. డబ్బా తెచ్చిన సాలమ్మ రెండడుగుల దూరంలో నిలబడింది.

"నన్నడుగకు డాక్టరమ్మా. నేను దాన్ని ముట్టనే ముట్టలే."

"ముట్టకుంటే డబ్బలకెట్ల వచ్చిందవ్వా? ఎగిరి దుంకిందా?"

"ఎగురుతదట కద. మా మనుమరాలు షారోన్ పట్నంకెల్లి తెచ్చింది. ఎలుకను కొనుక్కునే కాలమొచ్చె. మా ఇంట్ల గుమ్మి కింద కావల్సినన్ని ఉన్నయి, ఉత్తగనే."

"ఏది ఆ పిల్ల?"

"చెల్పూర్ల కరెంటు కంపెనీల కొత్త నౌకరి. పోయి వారమైంది. దీన్ని నా నెత్తిన బెట్టి పోయింది."

"కడుపు డప్పు లెక్క ఉబ్బింది. ఏం తాపినవు?"

"నాకేమెరుక."

"అవ్వా."

"పాలు. జరంత."

"ఏం పాలు?"

"బర్రె పాలు. ఇంకేం తాగుతది, డబ్బ పాలా?"

"అవును, డబ్బ పాలే. దీనికని చేసినయి ఉంటయి. బర్రె పాలు దీనికరగయి. కడుపుబ్బుతది, పారుకుంటది, ఒంట్ల నీళ్లన్ని పోయి సస్తది. షారోన్ చెప్పలేదా?"

"కాయితం రాసిచ్చింది. నాకు సదువు రాదని దానికి ఎరుకనే. ఎలుక సదువుకుంటదనుకుందేమో."

"పెంచుడు రానోళ్లకు గిసొంటియెందుకు? ఇంత పసిదాన్ని తల్లికాడికెల్లి గుంజి అమ్మినోన్ని అనాలె ముందు."

"గదే నేనన్న. కొత్తగూడ అడవిల పుట్టినదాన్ని, ఎగిరే ఉడుతలను సూసిన. ఎవ్వరన్న తెచ్చి సాదిండ్రా? కోడిపిల్లను సాదితే గుడ్డన్న పెడ్తది. గిదేం పెడ్తది?"

"ఎనుక కాళ్లు ఆడుతున్నయి, నయం. కాల్షియం తక్కువైతే గవి పడిపోతయి. మరి మూత్రం? తల్లి నాకకపోతే గింత పిల్ల సొంతంగ పోయదు. తడి గుడ్డతోని తుడవాలె. ఎవరు తుడుస్తుండ్రు?"

"ఎవరు తుడుస్తరు? అదే పోసుకుంటది."

"పోసుకోదు. కింద సాఫ్‌గున్నది. ఎవరో తుడిచిండ్రు."

"మందేదో ఇయ్యి తల్లీ. నా బస్సు పోతది."

"ఆగు. నాలుగు దినాల సంది ముసురు. డబ్బల పేలిక గూడ లేదు. ఈపాటికి సల్లబడి సావాలె. ఒళ్లేమో వెచ్చగున్నది. యాడ పండవెడ్తున్నవు?"

"డబ్బలనే."

"కడుపు మీద గీ తెల్లదేంది?"

"ఏది?"

"ఇగో. బొచ్చు పోయి తోలు కాలింది. సున్నం ఇది."

"గోడకేసినం."

"ముసుర్ల గోడకు సున్నమేసిండ్రా? నీ పండ్లు గారబట్టినయి. ఆకు వక్క తింటవు కద."

"తినేదాన్ని."

"రొండిన సంచి ఉన్నది. సున్నం అండ్లనే పెట్టుకుంటవు."

"పెట్టుకునేదాన్ని."

"సిగ్గుండాలె అవ్వా. సాదుడు ఇష్టం లేకపోతే ఎవరికన్న ఇయ్యాలె. నోరులేనిదానికి సున్నం పూస్తరా? ఉబ్బుకు చుక్కలేస్త, కాలినకాడ మందు రాస్త, బతుకుతది. కని నీ చేతికియ్య. షారోనొచ్చేదాక నా కాడనే ఉంటది. నువ్వు పో, నీ బస్సెక్కు."

"బతుకుతదా?"

"చెప్పిన కద. పో."

"పూయలే బిడ్డా. తల్లి కడుపుకున్న సంచిల పెరుగుతదని షారోన్ అన్నది. నాకాడ ఏం సంచి ఉన్నది? గీ వక్కల సంచే ఉండె. దులిపి దీన్ని అండ్లేసి రొండిన చెక్కుకున్న. మూలకు సున్నం అంటుకున్నది సూస్కోలే. మల్ల ఉడుకు నీళ్లల్ల పిండి, పొయ్యి మీద ఆరబెట్టిన. వక్క నోట్లె ఏసుకోక వారమాయె. ఇటు తే, బల్ల మీద సల్లబడ్తది."