మూడో చుక్క

పక్షవాతం వచ్చాక ముసలాయన చైనాలోని చెంగ్డూ పార్కుకు రావడం ఇదే మొదలు. ఎడమచేత్తో పొడుగుకర్ర కుంచెను బకెట్లో ముంచి, పలకరాళ్ళ మీద నీళ్ళతో రాయబోయాడు. పక్కనే భార్య.

"ఏం రాస్తావయ్యా?"

"నది అనే అక్షరం. ముందు ఎడంపక్కన మూడు నీటిచుక్కలు. పూర్వం అక్కడ పారే ఏరునే గీసేవాళ్ళట. రాసీ రాసీ చివరికి మూడు చుక్కలు మిగిలాయి. నాలాగే."

"చాల్లే! ఆ మూడు చుక్కలు చూసేగా, ఇది నీళ్ళ సంగతని చదువురాని నాలాంటిది కూడా పోల్చుకునేది. రాయి."

"రెండు పడ్డాయి. మూడోది కిందనుంచి పైకి లేవాలి. చెయ్యి రావట్లేదే."

"పట్టుకోనా?"

"వద్దు."

కుంచె వంకరగా పైకి లేచింది.

"లేచిందయ్యా! అయ్యో, అప్పుడే ఆరిపోతోందే."

"ఆరనీ. ఆ బకెట్టు ఇలా జరుపు."