మందు పెట్టేముందు

మధ్యాహ్నం వేళ, ప్రసవాల వార్డు. కిటికీ పక్క మంచం మీద కూతురు, స్టూలు మీద తల్లి. నర్సు ఫైలు పట్టుకుని నిలబడి ఉంది.

“అది కాదు సిస్టర్, నేనడిగేది ఒక్కటే. ఇంకో రెండ్రోజులు ఆగితే దానంతటదే రాదా నొప్పి?”

“ఇప్పటికే తొమ్మిది రోజులు ఆగాం అమ్మగారూ. డాక్టరుగారు ఇచ్చిన తేదీ దాటి తొమ్మిది రోజులు.”

“తొమ్మిది ఆగినవాళ్ళం పదకొండు ఆగలేమా?”

“మనం ఆగుతాం. లోపలున్న బిడ్డ ఆగాలిగా. చుట్టూ నీళ్ళు తగ్గుతున్నాయని నిన్న స్కానింగులో చూశారు కదా.”

“అమ్మా, సిస్టర్‌ని వదిలెయ్. పొద్దుట్నించి ఇది నాలుగోసారి అడగడం.”

“నువ్వు మాట్లాడకు, పడుకో. సిస్టర్, దీనికి చిన్నప్పట్నుంచీ మందులు పడవు.”

“ఏ మందు పడదండీ?”

“ఏ మందూ పడదు.”

“అబద్ధం సిస్టర్. నాకన్నీ పడతాయి. నేను వేసుకుంటుంటే చూడటం ఆవిడకి పడదు.”

“సరే, ఇద్దరూ వినండి, మొదట్నుంచీ చెప్తాను. ముందు జెల్ పెడతాం, అమ్మాయ్. అది ఫ్రిజ్‌లో ఉంటుంది. తీసి బయట పెట్టాను, చల్లదనం పోవాలి. గర్భసంచి మూతి నీకింకా గట్టిగానే ఉంది, తెరుచుకోలేదు. జెల్ దాన్ని మెత్తబరుస్తుంది.”

“పెట్టేటప్పుడు నొప్పా?”

“నొప్పి అని కాదు, ఇబ్బందిగా ఉంటుంది. ఊపిరి పీల్చి మెల్లగా వదులుతూ ఉంటే అయిపోతుంది. పెట్టాక గంటసేపు లేవకూడదు. పొట్టకి బెల్టు కడతాం. బిడ్డ గుండె చప్పుడు దాన్లో వినిపిస్తుంది.”

“ఆ చప్పుడు వినిపించకపోతే?”

“అమ్మా!”

“అడగనీవే. అడగడానికేగా నన్నిక్కడ కూర్చోబెట్టారు.”

“తగ్గితే మాకు వెంటనే తెలుస్తుందండీ. అందుకే ఆ బెల్టు.”

“తెలిసి?”

“తెలిసి, ఏం చెయ్యాలో అది చేస్తాం. అవసరమైతే ఆపరేషన్. థియేటరు ఈ గోడ అవతలే.”

“ఆపరేషన్ అంది విన్నావా? చూడటానికి మంచిగా మాట్లాడుతూ మధ్యలో ఆపరేషన్ అనేసింది.”

“నేను విన్నానమ్మా. నాకు చెప్పే మాటే అది. తర్వాతేంటి సిస్టర్?”

“ఆరు గంటలాగి చూస్తాం. మెత్తబడితే సరే, లేదా మళ్ళీ జెల్. కొందరికి రాత్రికే అయిపోతుంది, కొందరికి రేపు. ఎల్లుండి దాకా కూడా పట్టొచ్చు. ఇంకా రావట్లేదేంటని కంగారు పడకూడదు.”

“ఎల్లుండి దాకా ఇలాగే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలా?”

“మీరు ఇంటికెళ్ళి పడుకుని రావచ్చండీ. కింద మీ అల్లుడుగారు ఉన్నారుగా. ఇక్కడ ఒక్కరినే ఉండనిస్తాం, ఆయన్ని పైకి పంపండి.”

“అతను నన్ను మించి భయపడే మనిషి. ఇందాక చూశాను, చెప్పులు కుడిది ఎడమకి వేసుకుని తిరుగుతున్నాడు. నేనే ఉంటాను.”

“సరే. మూతి తెరుచుకున్నాక ఉమ్మనీటి సంచికి మేమే చిన్న గాటు పెట్టి నీళ్ళు వదులుతాం. బిడ్డకి తగలదు. అప్పటికీ నొప్పులు చాలకపోతే సెలైన్లో మందు కలిపి...”

“సెలైనా?”

“అవునండీ. చుక్క చుక్కగా...”

“సీసా వద్దు.”

“ఏంటండీ?”

“ఆ సీసా వద్దు. జెల్ పెట్టండి, ఎన్నిసార్లయినా పెట్టండి. సీసా మాత్రం కట్టకండి.”

“సీసా అంటే అంత భయమెందుకమ్మా?”

“వద్దన్నాను. ఎందుకేమిటి?”

“అమ్మగారూ, ఇప్పుడు దానికి పంపు ఉంది. ఎన్ని చుక్కలు పడాలో అది చూసుకుంటుంది. ఒక మనిషి పక్కనే ఉంటుంది. అయితే మామూలు నొప్పులు మెల్లమెల్లగా పెరుగుతాయి, ఈ మందుకి వచ్చేవి ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఆ సంగతి అమ్మాయి ముందే తెలుసుకోవాలి. తట్టుకోలేకపోతే నొప్పి తెలీకుండా వేరే మందు ఉంది, అడగాలి. సిగ్గుపడి ఊరుకోకూడదు.”

“పక్కనే ఉంటామని అప్పుడూ చెప్పారు.”

“ఎప్పుడమ్మా?”

“ఎప్పుడో. మా వీధిలో ఎవరికో.”

“ఎవరికి?”

“నీకు తెలీదులే. నువ్వప్పటికి పసిదానివి... ఎవరది? ఎవరు అలా అరిచింది?”

“పక్క గదిలో అమ్మగారూ. ఆవిడకి అయిపోవచ్చింది.”

“అయిపోవచ్చిందంటే?”

“కాన్పు అయిపోవచ్చింది. కూర్చోండి, కూర్చోండి.”

“సిస్టర్, నేనూ అలాగే అరుస్తానా?”

“అరిచెయ్. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.”

“టికెట్ల కౌంటర్లో రోజుకి మూడొందల మంది మీద అరుస్తావ్. ఇక్కడ అరవడానికి నీకేం కష్టం?”

“అక్కడ అద్దం అడ్డం ఉంటుందమ్మా.”

“సిస్టర్... బిడ్డ బయటికొచ్చేశాక ఇంక భయం లేదుగా?”

“మాయ పడిపోవాలండీ. గర్భసంచి ముడుచుకోవాలి. ముడుచుకోడానికి వెంటనే ఇంజెక్షన్ ఇచ్చేస్తాం.”

“ముడుచుకోకపోతే?”

“రక్తం పోతుంది. ఆపడానికి మందులున్నాయి, అవసరమైతే రక్తం ఎక్కిస్తాం. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే ముందే చెబితే మంచిది.”

“ఎవరికీ లేదు.”

“ఊరికే చెప్తున్నానండీ.”

“ఊరికే చెప్పినా అంతే. ఎవరికీ లేదు. ఇది గంటలో పుట్టేసింది నాకు. కావాలంటే రాసుకోండి.”

“సరేనండీ. జెల్ ఎంతవరకొచ్చిందో చూసొస్తాను.”

నర్సు వెళ్ళిపోయింది.

“గంటలోనా అమ్మా?”

“ఏంటి?”

“నేను గంటలో పుట్టానా?”

“ఆఁ. గంట, గంటన్నర.”

“రాత్రంతా నొప్పులు పడ్డానని మొన్న అత్తయ్యతో అన్నావ్.”

“రాత్రంతా పడి, చివర్లో గంటలో.”

“నీళ్ళు ముందు పోయాయా, నొప్పి ముందొచ్చిందా?”

“ఇరవయ్యేడేళ్ళ కిందటి మాట, ఎవరికి గుర్తు!”

“నా ఒకటో తరగతి గౌను కొలతలు ఇప్పటికీ చెప్తావుగా నువ్వు. కుచ్చిళ్ళు ఎన్ని పెట్టావో కూడా చెప్తావ్.”

“అది వేరు. అది నా చేత్తో కుట్టింది.”

“మరి ఇది?”

“ఇది ఒళ్ళు మర్చిపోతుందే. దేవుడే అలా పెట్టాడు. లేకపోతే రెండో బిడ్డని ఎవరు కంటారు?”

“నువ్వు కనలేదుగా రెండో బిడ్డని.”

“ఆయన ఇవ్వలేదు. ఇచ్చింది చాలనుకున్నాను.”

“నాకు భయంగా ఉందమ్మా.”

“భయమెందుకు, నేనున్నాగా.”

“మరి కొంగు అంత గట్టిగా చుట్టుకున్నావేం?”

“చలి. ఈ ఫ్యాను ఒకటి నెత్తిమీద.”

“ఫ్యాను తిరగట్లేదు.”

“ఇందాక తిరిగింది.”

“నోట్లో ఏంటా గొణుగుడు?”

“దణ్ణం పెట్టుకుంటున్నా.”

“ఏమని?”

“ఏమనో నాకే తెలీట్లేదు. నొప్పి రావాలని పెట్టుకోనా, రాకూడదని పెట్టుకోనా? దానంతటదే వచ్చేస్తే ఈ మందులూ సీసాలూ ఉండవని తొమ్మిది రోజులుగా అడుగుతున్నా. వినబడినట్టు లేదు.”

“వినబట్టే ఈ సిస్టర్ని పంపాడేమో.”

“ఏమో. తిట్టుకుంటున్నానని కాదు గానీ, ఒక్కోసారి ఆయన చేసేది నాకు అంతుపట్టదే. పొద్దున లేచి దీపం పెట్టందే మంచినీళ్ళు ముట్టని మనిషిని కూడా తీసుకుపోయాడు.”

“ఎవర్ని?”

“ఎవర్నో.”

“పిన్నినా?”

“...మీ పిన్ని జ్వరంతో పోయింది.”

“తెలుసు. చెప్పావ్.”

“చెప్పానుగా. మళ్ళీ ఎందుకు ఆ మాట?”

“ఊరికే. ఏమీ తోచక.”

“తోచకపోతే కళ్ళు మూసుకో.”

“కళ్ళు మూస్తే ఇంకా భయమేస్తోంది. అమ్మా, ఒక్కటడుగుతా. నాకేదైనా చెప్పాలనుకుంటే ఇప్పుడు చెప్పు. తర్వాత నేను అరుస్తూ ఉంటాను, వినిపించదు.”

“చెప్పడానికేముంది? ధైర్యంగా ఉండు.”

“అంతేనా?”

“అంతే.”

“ఇంకేం లేదా?”

“లేదంటే వినవేం? చిన్నప్పుడూ ఇంతే, ఒకటి పట్టుకుంటే వదలవు.”

“సరే. ఎక్కడికి లేచావ్?”

“నీళ్ళకి.”

“ఫ్లాస్కు నిండుగా ఉంది.”

“చల్లారిపోయుంటాయి. నువ్వు కదలకు, ఇప్పుడే వస్తాను.”

వరండాలో, నర్సుల బల్ల దగ్గర.

“సిస్టర్. జెల్ తీసుకెళ్ళిపోయారా?”

“ఇంకా లేదండీ. తీసుకెళ్ళాలంటే మీ ముందు నుంచే వెళ్ళాలిగా.”

“మంచిది. పెట్టకండి. పెట్టొద్దని కాదు, పెట్టండి. కానీ... కాస్త కూర్చోనా?”

“కూర్చోండి. చెమటలు పట్టేశాయే!”

“ఇందాక నేను చెప్పింది రాసేశారా? గంటలో అయిపోయిందని?”

“రాయలేదండీ.”

“రాసుంటే కొట్టేయమని అడుగుదామని వచ్చాను. ఇది రాయండి. వాళ్ళమ్మకి రక్తం ఆగలేదు.”

“మీకా?”

“నాకు కాదు. దాని తల్లికి. నా చెల్లెలు.”

“మెల్లగా చెప్పండి. తొందరేం లేదు.”

“ఇలాగే రోజులు దాటాయి దానికి. ఇలాగే సీసా కట్టారు. ఏం భయం లేదు, పక్కనే ఉంటామన్నారు. ఆడపిల్ల అని కేక వినిపించింది. నేను బయట పాత గుడ్డలు పట్టుకుని నిలబడి ఉన్నా, బిడ్డని చుట్టడానికని. ఒక గుడ్డ అడిగారు, ఇచ్చాను. ఇంకోటి అడిగారు. మళ్ళీ ఇంకోటి. బిడ్డకి ఇన్ని గుడ్డలెందుకా అనుకున్నా. నా చేతిలోవన్నీ అయిపోయాయి, లోపల్నుంచి ఇంకా అడుగుతూనే ఉన్నారు.”

“అయ్యో.”

“అప్పుడొకావిడ బిడ్డని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కాస్త పట్టుకోండి, మళ్ళీ తీసుకుంటాం అంది. మళ్ళీ ఎవరూ తీసుకోలేదు.”

“తండ్రి?”

“ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అడగలేదు, నేనూ ఇవ్వలేదు. నాకు పిల్లల్లేరు. ఇల్లు మారిపోయాం. అడిగినవాళ్ళందరికీ నాదే అని చెప్పాం. మొదట్లో జనం కోసం చెప్పేదాన్ని. పోనుపోను నాకే అది నిజమైపోయింది. నేను దానికి పెద్దమ్మనని నాకు గుర్తొచ్చి ఎన్నేళ్ళయిందో.”

“అమ్మాయికి చెప్పలేదా ఎప్పుడూ?”

“ఎలా చెప్పను? నోటిదాకా వచ్చేది. దాని మొహం చూసి ఇంకేదో మాట అనేసేదాన్ని. ఈ తొమ్మిది నెలలూ అయితే ప్రతి రోజూ వచ్చింది. ఇప్పుడు చెబితే అది నన్ను ఏ మొహంతో చూస్తుంది? చెప్పకపోతే ఆ గుడ్డలే కళ్ళముందు కనిపిస్తున్నాయి. ఇంట్లో ఎవరికైనా ఉంటే చెప్పమని మీరన్నారు. ఆ మాట కడుపులో దాచుకుని, బిడ్డని కాపాడమని దణ్ణాలు పెడితే ఆయన ఒప్పుకుంటాడా? నన్నే అడగడూ, నీకు తెలిసి ఎందుకు ఊరుకున్నావని?”

“ఏడవకండి అమ్మగారూ.”

“ఏడవట్లేదు. రాయండి. డాక్టరుగారికి చెప్పండి, రక్తం తెప్పించమనండి. నాది సరిపోతే ఇప్పుడే తీసుకోండి, ఎంతైనా తీసుకోండి. దానికి తెలిస్తే తెలియనివ్వండి. నన్ను అమ్మా అని పిలవకపోయినా సరే, అది లేచి ఇంటికి రావాలి.”

“రక్తం సిద్ధంగా ఉందండీ.”

“సిద్ధంగా అంటే?”

“రెండు బ్యాగులు, ఆవిడ గ్రూపువే. నిన్ననే తెప్పించి పెట్టాం. కాన్పు అయ్యేదాకా డాక్టరుగారు కూడా ఇక్కడే ఉంటారు.”

“వచ్చినవాళ్ళందరికీ అలా పెడతారా?”

“అందరికీ పెట్టం.”

“మరి దీనికెందుకు పెట్టారు?”

“మూడో నెలలో మొదటిసారి చూపించుకోడానికి వచ్చినప్పుడే చెప్పి రాయించింది.”

“ఎవరు?”

“మీ అమ్మాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు పుట్టిన తేదీ కాగితం కోసం మున్సిపాలిటీకి వెళ్ళిందట. అందులో తల్లి పేరు దగ్గర మీ చెల్లెలి పేరుంది. ఆ తర్వాత మీ బంధువులెవర్నో అడిగి మిగతాది తెలుసుకుందట.”

“ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది.”

“అలాగే చెప్పింది.”

“ఆరేళ్ళా? ఆరేళ్ళుగా నాతో ఒక్క మాట... ఒక్కనాడైనా మొహంలో... లేదు సిస్టర్, మీరు ఇంకెవరి ఫైలో చూశారు.”

“ఆవిడదేనండీ. ‘మా అమ్మ ముందు ఆ మాట ఎత్తొద్దు, ఎవరూ బలవంతపెట్టొద్దు. ఆవిడంతట ఆవిడే చెప్పాలి’ అని మా అందరి దగ్గరా మాట తీసుకుంది.”

“నేను చెప్పకపోతే? భయపడి చెప్పకుండా అలాగే కూర్చుండిపోతే?”

“ఇవాళ పొద్దున నేనూ అదే అడిగాను. ‘చెబుతుంది సిస్టర్, మా అమ్మకి ఆ భయం కన్నా నేనే ఎక్కువ’ అంది. లేవండి అమ్మగారూ, మీరు చెప్పి లోపలికొచ్చేదాకా మందు పెట్టించుకోనని కూర్చుంది.”