మధ్యాహ్నం నిద్రకు నష్టపరిహారం

ఆసుపత్రి నర్సమ్మ టీ కొట్టుకు వచ్చింది ఎక్కడైనా వాటా ఖాళీగా ఉంటే చెప్పమని అడగడానికి. కొట్టు పక్క మేడ పైవాటాలో దిగి నెలయినా కాలేదు, అప్పుడే ఖాళీ చేసేస్తుందట. ఎందుకో చెప్పబోయేంతలో ఆ ఎందుకే నడిచొచ్చి బెంచీ మీద కూర్చుంది. కిందివాటా అనౌన్సరమ్మ. బస్టాండు మైకులో అరిచి అరిచి రిటైరైన ఒంటరి మనిషి. నలుగురు కనిపిస్తే చాలు, తన కేసు ఎత్తుకుంటుంది.

"నర్సమ్మాయి విననేలేదుగా, మొదట్నుంచీ చెప్తా. నీకంటే ముందు పైన ఒక టైలరమ్మ ఉండేది. ఇంటినిండా పిల్లలు, ఒక కుట్టుమిషను. మధ్యాహ్నం నేనిలా కన్ను మూస్తానో లేదో మిషను టకటకా, పిల్లలు దబదబా. చెప్పి చూశా, చీపురుకర్రతో కప్పు పొడిచి చూశా. ఊహూ. అప్పుడేం చేశానో తెలుసా? లాయరూ లేడు గీయరూ లేడు, లైబ్రరీలో లా పుస్తకాలన్నీ నమిలి మింగి, నా దావా నేనే రాసుకుని, నేనే వాదించుకుని, మధ్యాహ్నం పూట చప్పుడు చేయకూడదని ఇంజంక్షన్ తెచ్చుకున్నా. ఇంతవరకూ అందరికీ తెలిసిందే."

"తెలియంది ఇప్పుడొస్తుంది," అన్నాడు బెంచీ చివరనున్న బస్సు డ్రైవరు గ్లాసులోకి చూస్తూ.

"నువ్వూరుకోరా. ఆపించడం సరే, ఇన్నాళ్ళ నష్టానికి ఎంత కావాలమ్మా అన్నారు జడ్జిగారు. డబ్బు నాకెందుకండీ, పోయింది నిద్ర, నిద్రే ఇప్పించండి అన్నా. అలా ఏ పుస్తకంలోనూ లేదన్నారు. నేను చదివిన దాంట్లో ఉంది, మీరే సరిగ్గా చదవలేదన్నా. పాపం, ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టైలరమ్మ ఇంటిల్లిపాది నిద్రనీ మూటగట్టి కోర్టు అమీనా నా గుమ్మంలో దించి సంతకం పెట్టించుకున్నాడు. పిల్లల నిద్ర కదా, దూదిలా ఉంది. దాన్ని తలకింద పెట్టుకుని పడుకుంటే, లేచేసరికి నా జుట్టు కిటికీ దాటి ఈ టీ కొట్టుకు పందిరేసింది. నేను పోయాననుకుని మా డిపోవాళ్ళు సంతాపసభ పెట్టి, టీలు తాగి వెళ్ళిపోయారట."

"ఆ టీలు నేనే పోశాను," అన్నాడు టీ కొట్టాయన.

"చూశావా, సాక్షి. అంతటితో వదిలానా? కాకుల మీద ఇంజంక్షన్ తెచ్చా, కుక్కల మీద తెచ్చా. ఒకరోజు పెళపెళా ఉరిమింది. వేశా మేఘం మీద కోర్టు ధిక్కారం. అది వకీలుని వెంటేసుకుని వచ్చి, బోనెక్కి ఒకటే ఏడుపు. హాల్లో మోకాలి లోతు నీళ్ళు. జడ్జిగారు బల్ల మీదకెక్కి తీర్పు చెప్పారు, ఇకమీదట మెరవచ్చుగానీ ఉరమకూడదని. ఇప్పుడు మా ఇల్లెంత నిశ్శబ్దమంటే, గుమ్మంలో చీమ నడిస్తే ఎవరో వచ్చారని తలుపు తీస్తా. వీధి చివర ఎవరన్నా నిట్టూరిస్తే, ఆఁ, వస్తున్నా అంటా."

ఎవరూ నవ్వలేదు. నర్సమ్మ గ్లాసు పక్కన పెట్టింది.

"పిన్నిగారూ, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. అంత నిశ్శబ్దం గెలుచుకున్నవారు మొన్న పైకొచ్చి, రోజూ కాసేపు కుర్చీ ఈడ్చమని నన్నెందుకు అడిగారు?"

డ్రైవరు గ్లాసులోంచి తల ఎత్తాడు.

"నా మీద కూడా కేసు కట్టడానికి సాక్ష్యం తయారుచేస్తున్నారేమో అనుకున్నాను. అప్పట్నుంచీ ఇంట్లో మేజోళ్ళతో నడుస్తున్నాను. ఇవాళ వేరే వాటా చూసుకుందామనే ఇలా వచ్చాను."

అనౌన్సరమ్మ నర్సమ్మ వైపు తిరిగింది.

"సాక్ష్యం కాదమ్మా," అంది. "మేఘం, మూట, అవన్నీ నేనే కుట్టాను. ఇంజంక్షన్ ఒక్కటే నిజం. అది వచ్చిన మర్నాటి నుంచి పిల్లలు మెట్లు కూడా మునివేళ్ళ మీద దిగేవాళ్ళు. నన్ను చూస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. చూడలేక మళ్ళీ కోర్టుకెళ్ళి, నాకొద్దు, రద్దు చేయండన్నా. గెలిచినవాళ్ళు అలా అడగడం ఎప్పుడూ చూడలేదన్నారు జడ్జిగారు. చేశారు. ఆ కాగితం పట్టుకుని గబగబా పైకెక్కితే తాళం. అప్పటికే ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

టీ కొట్టాయన పొయ్యి తగ్గించాడు.

"కుర్చీ ఏ వేళప్పుడు ఈడ్చమంటారు?" అంది నర్సమ్మ.

"వేళ చెప్పకు," అంది అనౌన్సరమ్మ. "ఉన్నట్టుండి ఈడువు."