వారానికో సెలవు

సభాధ్యక్షులు పెద్ద సార్‌కి, ముందు వరుసలో కూర్చున్న అధికారులకి, కుర్చీలు ఖాళీగా ఉన్నా అలవాటు కొద్దీ గోడవారన నిలబడ్డ మా పోలీస్ స్టేషన్ వాళ్ళకి నమస్కారం. కూర్చోండయ్యా, ఈ పూటకి ఎవరూ ఏమీ అనరు. (నవ్వులు)

ఇందాక నాకు వీడ్కోలు చెబుతూ పెద్ద సార్ నన్ను ఉత్సాహవంతురాలన్నారు. మన శాఖలో ఆ మాటకి బదిలీ అని అర్థముందని ట్రైనింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఇంతకీ నేను చేసిందేమిటి? సిబ్బందికి వారానికో రోజు సెలవివ్వమని పై ఆఫీసే పంపిన ఉత్తర్వు అద్దం కట్టించుకుని మా గోడ మీద వేలాడుతుంటే, దాన్ని చదివి, ఎవరికి ఏ రోజు సెలవో పట్టీ రాసి పక్కనే మేకుకి తగిలించి, అమలు చేశాను. అది అలంకారానికమ్మా, అమలుకి కాదు అని అప్పుడే ఎవరైనా చెవిలో వేయాల్సింది.

మనుషులు చాలరన్నారు. వెతికితే దొరికారు సార్, మీ బంగళాలోనే: ఒకరు కుక్కని తిప్పుతూ, ఒకరు మొక్కలకి నీళ్ళు పోస్తూ, ఇంకొకరు అమ్మగారి వెనక సంచీ మోస్తూ. వాళ్ళని తిరిగి స్టేషన్‌కి పిలిపించాను. కుక్క బెంగపెట్టుకుందని విన్నాను. దానికి మాత్రం నా క్షమాపణలు. (వెనక నవ్వులు, ముందు నిశ్శబ్దం)

ఆ తలుపు దగ్గరున్న మా హెడ్డు బాబాయ్‌ని అందరూ గోడగడియారం అంటారు, ఎప్పుడు చూసినా స్టేషన్లోనే ఉంటారని. మొదటి సెలవునాడు మధ్యాహ్నానికల్లా మామూలు చొక్కాలో వచ్చి, ఫిర్యాదుకొచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నారు. "ఏం బాబాయ్?" అంటే, "ఇంట్లో ఏం తోచట్లేదమ్మా. నన్ను చూసి మా మనవరాలు, అమ్మా, ఎవరో తాత వచ్చాడు, మంచినీళ్ళివ్వు అంటోంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు. ఇప్పుడా పిల్ల తాత సెలవు రోజున బడికి వెళ్ళనని మారాం చేస్తోందట.

రేపట్నించి సెలవుల పట్టీ గోడ మీద ఉండదని పొద్దుట్నుంచి గుసగుసలు. తీయించండి సార్, మీ చేతిలో పని. రుచి మరిగినవాళ్ళ చేత ఆ రుచి మరిపించడం మాత్రం మీ తరం కాదు. నన్నెంత దూరం పంపినా అక్కడా గోడలుంటాయి, మేకులుంటాయి.

"పెద్దవాళ్ళతో మీకెందుకు తల్లీ" అని ఇందాక బాబాయే నా చెయ్యి పట్టుకున్నారు. రేపు సెలవు ఆయన వంతు. బందోబస్తుందని పైనుంచి రద్దు చేయమన్నారు. సాయంత్రం దాకా ఈ స్టేషన్ నాదే కనక, మంజూరు చేసి సంతకం పెట్టే ఇక్కడికి వచ్చాను.

పూలగుత్తి ఇచ్చినవారికి, ఇవ్వడానికి జంకి చప్పట్లతో సరిపెట్టినవారికి కృతజ్ఞతలు. మన శాఖలో సెలవు అనే మాట ఇలాంటి సభల్లోనే వినబడుతుంది, అదీ వెళ్ళిపోయేవాళ్ళ నోటే. ఈసారి వరస మారుస్తాను.

బాబాయ్, రేపు మీకు సెలవు.

ఆ తర్వాతే, నాకు సెలవు.