అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం

బడి వదిలి గంట దాటింది. సైన్సు మాస్టారి బల్ల మీద పసుపు రంగు పూసిన బంతి ఒకటుంది. బస్సు టికెట్లమ్మే కౌంటర్‌లో పని వదిలి పరుగున వచ్చిన తల్లి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“బంతి గోల తర్వాత, మాస్టారూ. నా కూతురెక్కడ?”

“అదే చెబుతున్నానమ్మా. ఈ బంతి సూర్యుడన్నమాట. పిల్లలకు తలా ఒక గ్రహం అట్ట ఇచ్చి పంపాను. నలభై అడుగులు వేస్తే భూమి. పన్నెండు వందలు వేస్తే చివరి గ్రహం, అదిగో, ఆ మలుపులో మందుల షాపు దగ్గర...”

“వాళ్ళంతా తిరిగొచ్చారా?”

“వచ్చారు.”

“మా పిచ్చుక?”

“...రాలేదు.”

“దానికి ఏ గ్రహం ఇచ్చారు?”

“గ్రహం కాదు. నక్షత్రం. సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం.”

“దగ్గరే అయితే ఇంకా రాదేం?”

“దగ్గరంటే... మిగతా వాటితో పోలిస్తే.”

“నీళ్ళు నమలకండి. ఎన్ని అడుగులు?”

“అడుగుల్లో చెప్పలేం.”

“మరి దేంట్లో చెబుతారో దాంట్లోనే చెప్పండి!”

“ఐదు వేల ఏడొందల కిలోమీటర్లు.”

“ఏంటీ?”

“సూర్యుణ్ణి ఇంత బంతి చేసినా అంత దూరమమ్మా. ఊరు దాటాలి, దేశం దాటాలి, సముద్రాలూ దాటాలి. మధ్యలో ఏమీ ఉండదు. అంతా ఖాళీ.”

“ఖాళీ కాదు మాస్టారూ, మధ్యలో లారీలున్నాయి! తొమ్మిదేళ్ళ పిల్లని పట్టుకుని పొమ్మన్నారా?”

“పొమ్మనలేదు. అంటే... అన్నాను. కోపంలో అన్నాను. ‘దగ్గరిదని పుస్తకంలోనే ఉందిగా, నేనెళ్ళి నిలబడతా’ అని ఒకటే గొడవ. అందరి ముందూ నా మాటకు అడ్డం పడుతుంటే ఒళ్ళు మండి, ‘అయితే నడువు, నీకే తెలుస్తుంది’ అన్నాను. వీధి చివరికెళ్ళి, కాళ్ళు పీకి, తనే వస్తుందనుకున్నాను.”

“అది వచ్చే రకమా? పట్టిన పని అంతు చూడందే వదలదని మీకు తెలీదూ? రోజూ చూస్తున్నారుగా!”

“తప్పే. నాదే తప్పు. ఇంతకీ మీకేమైనా ఫోను...”

“నా సంగతెందుకిప్పుడు? పోలీసులకు చెప్పారా?”

“చెప్పాను. మా వాచ్‌మన్ కూడా సైకిలేసుకుని వెతుకుతున్నాడు. ఉండండి, అతనే చేస్తున్నాడు. హలో! ఆఁ... ఎక్కడ? దొరికిందమ్మా! రైల్వే గేటు అవతల, రోడ్డు పక్కన నడుస్తోందట!”

“దెబ్బలేం తగల్లేదుగా? ఏడుస్తోందా?”

“బాగానే ఉందట.”

“హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. తీసుకురమ్మనండి, ముందు తీసుకురమ్మనండి.”

“తీసుకొచ్చెయ్యవయ్యా... ఏంటీ? రానంటోందా? నేను రమ్మన్నానని చెప్పు. చెప్పావా? ఆఁ... ఆఁ... అలాగా. సరే, అక్కడే ఉండు.”

“ఏమంటోంది?”

“మీరు చెబితేనే వస్తుందట.”

“నేనా?”

“నేను కోపంలో అన్నానని తనకూ తెలుసట. అందుకే మందుల షాపు దగ్గర ఆగిపోయిందట. షాపాయన్ని ఫోను అడిగి మీకు చేశాకే కదిలిందట. అమ్మా... కూర్చోండమ్మా. ఏమైంది?”

“కౌంటర్ ముందు పెద్ద లైనుంది మాస్టారూ. ‘అమ్మా, ఇంకా చాలా దూరం వెళ్ళాలంట, వెళ్ళనా?’ అంది. ఎక్కడికే అని కూడా అడక్కుండా, ‘వెళ్ళు, వెళ్ళు’ అని పెట్టేశాను.”